స్టేబుల్ అన్న పేరు చూసి సంతకం పెట్టకండి

మా సహకార పరపతి సంఘం కార్యవర్గానికి. అలాగే ఒడిశాలో గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో సొంత సర్వర్లు నడుపుకుంటున్న కాలేజీలు, నర్సింగ్ హోములు, రైసు మిల్లుల యాజమాన్యాలకు

అయ్యా, అమ్మా,

వచ్చే ఆదివారం మీటింగు అజెండా నాకూ అందింది. మూడో అంశం ఇది: "కొత్తగా కొన్న రెండు సర్వర్లలోను, పాత సర్వరులోను లేటెస్ట్ స్టేబుల్ బ్రాంచి వేయించి, ఆటో అప్‌డేట్ ఆన్ చేయించుట." బ్రాంచి అంటే సాఫ్ట్‌వేరు విడుదలల్లో ఒక శాఖ. సరిగ్గా ఇవే మాటలు గుణుపురంలో ఒక కాలేజీ కాయితంలోనూ, రాయగడలో ఒక నర్సింగ్ హోము కాయితంలోనూ చూశాను. ఎవరో రాసిన ముక్క చేతులు మారుతూ ఊరూరూ తిరుగుతున్నట్టుంది. అందుకే మీ గదిలో చెప్పాల్సిన మాట నలుగురిలో చెబుతున్నాను. సంఘం పేరు రాయను. పొరపాటు చేసిన కుర్రాడి పేరు అసలే రాయను, ఎందుకంటే అందులో సగం నాది.

ముందు ఆ పొరపాటు సంగతే చెప్పేస్తాను. మీలో చాలామందికి ఆ రోజు ఫోన్లు మోగడం గుర్తుంది గానీ, ఎందుకు మోగాయని ఎవరూ పూర్తిగా అడగలేదు.

2021 చివర్లో మన సర్వరు మీద డెబియన్ అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, 11వ విడుదల, వేసింది నేను. ప్యాకేజీలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో యంత్రానికి చెప్పే ఫైలు ఒకటుంటుంది, సోర్సెస్ లిస్ట్ అంటాం. అందులో విడుదలను రెండు రకాలుగా రాయొచ్చు. డెబియన్ 11 పేరు 'బుల్స్‌ఐ'. ఆ పేరే రాస్తే ఎన్నేళ్లయినా అదే విడుదలను చూపిస్తుంది. 'స్టేబుల్' అని రాస్తే, ఆ రోజుకి ఏది స్టేబుల్ హోదాలో ఉంటే దాన్ని చూపిస్తుంది. ఉత్తరం మీద ఇంటి నంబరు రాయడానికీ, 'సంఘం ప్రెసిడెంటు గారి ఇల్లు' అని రాయడానికీ ఉన్న తేడా ఇది. ఎన్నికలయ్యాక ఆ ఉత్తరం ఇంకో ఇంటికి పోతుంది. నేను 'స్టేబుల్' అని రాశాను. వినడానికి గట్టిగా ఉంది మరి.

2023 జూన్ 10, శనివారం, డెబియన్ 12 విడుదలైంది. దాని పేరు బుక్‌వార్మ్. ఆ రోజు నుంచి స్టేబుల్ అంటే బుక్‌వార్మ్. ఒడిశాలో జూన్ నెలలో వచ్చే రజ పండుగ సెలవుల ముందు సాయంత్రం, ఆఫీసుకి తాళం వేసే వేళ, మన కుర్రాడు ఎప్పట్లాగే అప్‌డేట్ కొట్టాడు. యంత్రం మర్యాదగానే అడిగింది: ఈ రిపాజిటరీ కోడ్‌నేమ్ బుల్స్‌ఐ నుంచి బుక్‌వార్మ్‌గా మారింది, ఒప్పుకుంటారా, వై ఆర్ ఎన్? పాతపట్నం వైపు ఆఖరి బస్సు అందుకోవాలి వాడు. వై కొట్టాడు. ఆ తరవాత ఫుల్ అప్‌గ్రేడ్. దానికీ వై.

స్క్రీన్లన్నీ బాగానే తెరుచుకున్నాయి. కొంప ముంచింది అదే. మన లోను ప్రోగ్రాము రాసింది పీహెచ్‌పీ అనే భాషలో. వెబ్ పేజీలు అందించే అపాచీ ఇంకా పాత పీహెచ్‌పీ 7.4 మాడ్యూలు పట్టుకునే నడుస్తోంది. కమాండ్ లైను మీద మాత్రం పీహెచ్‌పీ అంటే 8.2 అయిపోయింది. కౌంటరు పని అంతా అపాచీ చూస్తుంది. పొద్దున్న తొమ్మిదింటికి బాకీదారులకి ఎస్సెమ్మెస్‌లు పంపే క్రాన్ పని (వేళకి దానంతటదే నడిచేది) కమాండ్ లైను చూస్తుంది. మన లోను ప్రోగ్రాములో సక్రమంగా కట్టేవాళ్లకి స్థితి గడి ఖాళీగా ఉంటుంది. ఎవరో ఎప్పుడో అందులో ఒక షరతు రాశారు: స్థితి సున్నాకి సమానమైతే వదిలెయ్యి, కాకపోతే నోటీసు పంపు. పీహెచ్‌పీ 7 వరకూ ఖాళీ స్ట్రింగునీ సున్నానీ పక్కపక్కన పెడితే రెండూ ఒకటే అనేది. 8.0 నుంచి ఒకటి కాదంటుంది. కొత్త పద్ధతే న్యాయం, నాకు అనుమానం లేదు. కానీ మన ప్రోగ్రాము ఏళ్ల తరబడి ఆ పాత అన్యాయం మీదే నిలబడి ఉంది.

రజ సంక్రాంతి పొద్దున్న తొమ్మిదింటికి, నయాపైసా బాకీ లేని సభ్యులందరికీ బాకీ నోటీసులు వెళ్లిపోయాయి. సూరత్ మగ్గాల మీద పనిచేసే మనవాళ్లు అక్కడి నుంచి డబ్బు పంపితే, ఇక్కడ ఆడవాళ్లు వాయిదాలు కడతారు. ఫోను నంబరు ఆయనది, వాయిదా కట్టేది ఆవిడ. అక్కడి నుంచి ఇళ్లకి ఫోన్లు, ఇళ్ల నుంచి మీకు ఫోన్లు. ఒకావిడ నా నంబరు ఎలాగో సంపాదించి నాకే చేసింది. "బాబూ, ఈ నెల వాయిదా నాను లెక్కెట్టి కట్టేసినాను కదేటి. ఆ డబ్బులేటి సేసినావని మా ఆయన సూరత్ నుంచి అడుగుతున్నాడు. ఏటి సెప్పమంటావు?" నా దగ్గర ఉన్న జవాబు పీహెచ్‌పీ 8.0లో పోలికల నియమం మారిందని. అది పట్టుకెళ్లి ఆవిడ మొగుడికి ఎవరు చెబుతారు? నేనే సూరత్‌కి ఫోను చేసి, తప్పు సంఘం యంత్రానిదని చెప్పాను. నమ్మాడో లేదో నాకిప్పటికీ తెలియదు.

ఒక్క షరతు దిద్దితే సరిపోయేది కదా అని అప్పుడు ఒకరు అన్నారు. అలాంటి షరతులు ఆ ప్రోగ్రాములో ఇంకెన్ని ఉన్నాయో అప్పటికి ఎవరికీ తెలియదు. అందుకని బ్యాకప్ నుంచి బుల్స్‌ఐనే వెనక్కి తెచ్చాను. అదయ్యేసరికి ఊళ్లో ఉయ్యాలలు దింపేస్తున్నారు, మా ఇంట్లో పండగ పిండివంట పోడపిఠా అయిపోయింది. తరవాతి మీటింగులో కుర్రాణ్ని నిలబెట్టి తిట్టారు. ఫైలులో ఆ మాట రాసింది నేనని అప్పుడే లేచి చెప్పాల్సింది. చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఇక మూడో అంశం.

గిడుగు రామమూర్తి పంతులు గారు మన పర్లాకిమిడిలో మేష్టారుగా ఉన్నప్పుడు, జనం వాడే భాషే భాష అని పట్టుపట్టిన మనిషి. ఆయన మసలిన ఊళ్లో కూర్చుని, ఒక మాటని వాడేవాళ్లు ఏ అర్థంలో వాడుతున్నారో కనుక్కోకుండా తీర్మానంలో ఎక్కిస్తే ఎలా? స్టేబుల్ అన్న మాట డెబియన్ వాళ్ల నోట ఒక అర్థం, ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ల నోట దాదాపు దానికి ఎదురు అర్థం. మనం కొన్న రెండు సర్వర్లలో ఒకటి ఖాతాలకి, దాని మీద డెబియన్. రెండోది బ్యాకప్‌లకి, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ కోసం ఫ్రీబీఎస్‌డీ. అంటే మీరు రాసిన ఒకే మాట రెండు యంత్రాలనీ రెండు దారుల్లోకి తోలుతుంది.

డెబియన్‌లో కొత్త సరుకు ముందు అన్‌స్టేబుల్‌లోకి దిగుతుంది, దానికి సిద్ అని శాశ్వతమైన పేరు. అక్కడ కొన్నాళ్లు పెద్ద బగ్గులు బయటపడకపోతే టెస్టింగ్‌లోకి జారుతుంది. సుమారు రెండేళ్లకోసారి టెస్టింగ్‌ని గడ్డకట్టించి, తప్పులు ఏరి, స్టేబుల్ అని విడుదల చేస్తారు. ఆ తరవాత అందులోకి కొత్త వెర్షన్లు రావు. భద్రతా లోపాలకీ, మరీ పెద్ద తప్పులకీ మాత్రం మాట్లు (ప్యాచ్‌లు) పడతాయి. వాళ్ల లెక్కలో స్టేబుల్ అంటే మారనిది. చెడనిది అని వాళ్లెప్పుడూ అనలేదు, అది మనం కలుపుకున్న అర్థం.

ఫ్రీబీఎస్‌డీకి వద్దాం. కరెంట్ అనేది రోజువారీ వంటిల్లు. స్టేబుల్ అనేది, కరెంట్‌లో కొన్నాళ్లు నలిగిన మార్పుల్ని తెచ్చి కలుపుకునే శాఖ. దీని నుంచే 14.1, 14.2 లాంటి విడుదలలు కోస్తారు. ఆ పేరులో ఉన్న మాట ఏమిటంటే, 14 శాఖలో ముందు తయారైన ప్రోగ్రాము అదే శాఖలో తరవాతి యంత్రం మీదా నడుస్తుందని, అంటే ఏబీఐ మారదని. అంతవరకే. ఈ వారం స్టేబుల్, వచ్చే వారం స్టేబుల్ ఒకటి కావు, రోజూ ఏదో ఒకటి కలుస్తూనే ఉంటుంది. అది అభివృద్ధి శాఖే. రాబోయే విడుదలని ముందే పరీక్షించాలనుకునేవాళ్లకీ, అందులో పనిచేసేవాళ్లకీ అది ఇల్లు. పనిలో ఉన్న సర్వర్లకి కావలసింది రిలీజ్, దాని వెనక ఉండే రెల్‌ఎంగ్ శాఖ. అందులోకి భద్రతా ప్రకటనలకి సంబంధించిన మాట్లు, ఎర్రాటా (తప్పుల దిద్దుబాట్లు) తప్ప మరేమీ రావు. ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ అన్న కమాండు కూడా ఈ రిలీజుల కోసం చేసిందే. స్టేబుల్ వెంట పోవాలంటే సోర్సు తెచ్చుకుని బిల్డ్‌వరల్డ్ కొట్టుకోవడం, అంటే వ్యవస్థ మొత్తాన్ని మనమే కట్టుకోవడం, అలవాటుండాలి. మన ఆఫీసులో రాత్రి పదింటికి కరెంటు పోతే ఇన్వర్టరు స్విచ్చి ఎక్కడుందో తెలిసినవాళ్లే ఇద్దరు. బిల్డ్‌వరల్డ్ ఎవరు చేస్తారు?

సభ్యుల్లో ఒకరి అల్లుడు గారు బెంగళూరు నుంచి "14 స్టేబుల్ వేయండి" అని సలహా పంపారని విన్నాను. ఆయన మంచి ఇంజనీరు, నేను కాదనను. ఆయన ఆఫీసులో కొత్త ఇమేజిని ముందు పది యంత్రాల మీద పెట్టి చూసే బృందం ఒకటుంటుంది. వాళ్లకి స్టేబుల్ తగును. ఇక్కడ నేను, కుర్రాడు, ఆఖరి బస్సు.

ఒకే యంత్రంలో రెండు శాఖలు కలపడం ఇంకో రోగం. డెబియన్ స్టేబుల్‌లో పీహెచ్‌పీ పాతదని టెస్టింగ్ లైను ఒకటి ఫైలులో చేర్చుతారు. పీహెచ్‌పీ కావాలంటే అది ప్రోగ్రాములన్నీ ఆనుకునే మూల లైబ్రరీ లిబ్‌సీని కొత్తది లాక్కొస్తుంది, లిబ్‌సీ వెంట సగం ఇల్లు కదులుతుంది. ఆ తరవాత ఆ యంత్రం స్టేబులూ కాదు, టెస్టింగూ కాదు. అవసరం నిజమైతే బ్యాక్‌పోర్ట్స్ ఉన్నాయి, అవి స్టేబుల్ మీద నడవడానికే కట్టినవి. ఫ్రీబీఎస్‌డీలోనూ అంతే. కింద రిలీజ్ పెట్టుకుని ప్యాకేజీలకి 'లేటెస్ట్' పెట్టుకునే కుర్రాళ్లున్నారు. మూణ్ణెల్లకోసారి తెగే క్వార్టర్లీ శాఖ మామూలుగా దానంతటదే ఉంటుంది. దాన్ని అలాగే వదిలేయండి.

బ్రాంచి అంటే మనకి మొదట తట్టేది నౌపడ–గుణుపురం బ్రాంచి లైనే కదా. 1900లో చిన్న గేజ్‌తో రైలు పర్లాకిమిడి చేరింది. గేజ్ మార్చడానికి 2004లో ఆపేశారు. పెద్ద రైలు పర్లాకిమిడికి 2010లో, గుణుపురానికి 2011లో వచ్చింది. ఆ మధ్య ఏళ్లలో మీరూ నేనూ బస్సుల్లో వేలాడాం. లైను నడుస్తుండగా గ్యాంగు మనుషులు వెళ్లి వదులైన బోల్టు బిగించి రావడం ఒక పని. గేజ్ మార్చడం ఇంకో పని. దానికి తేదీ ప్రకటించాలి, బండ్లు ఆపాలి, పాత పెట్టెలు కొత్త పట్టాల మీద నడవవని ముందే ఒప్పుకోవాలి. డెబియన్ 12లోనే ఉంటూ దానికొచ్చే భద్రతా మాట్లు వేసుకోవడం బోల్టు బిగించడం. 12 నుంచి 13కి పోవడం గేజ్ మార్చడం. "ఆటో గేజ్ మార్పిడి ఆన్ చేయించుట" అని ఏ రైల్వే బోర్డయినా తీర్మానం రాస్తుందా? 2023 రజకి మనం చేసింది అదే, బండి నడుస్తుండగానే.

అందుకని ఆటో వద్దని కాదు నేననేది. డెబియన్‌లో అనటెండెడ్-అప్‌గ్రేడ్స్ అని ఉంది, భద్రతా మాట్లకి దాన్ని ఆన్ చేసే ఉంచాను, ఉంచుతాను. రీబూట్ మాత్రం మనిషి చేతిలో ఉండాలి. రెండు నెలలకోసారి మాట్లన్నీ మూటగట్టి వదిలే పాయింట్ రిలీజ్‌కి నాలుగు రోజులు ఆగుదాం. 2023 డిసెంబరులో డెబియన్ 12.3 అలాగే వచ్చింది. అందులోని 6.1.64 కెర్నెల్లో ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మీద డేటా పాడుచేసే బగ్గు ఉందని విడుదల మధ్యలోనే తేలితే, దాన్ని ఆపి 12.4 పేరుతో వేరే తెచ్చారు. అదీ స్టేబులే, అక్కడున్నవాళ్లూ మనుషులే. ఆ వారాంతం తొందరపడని ఆఫీసులకి ఆ సంగతే తెలియలేదు. ఊళ్లో ఆ శనివారమే అప్‌డేట్ కొట్టిన ఒకాయన రెండు రాత్రులు నిద్రపోలేదు, బ్యాకప్‌లు పోల్చి చూసుకుంటూ.

లేటెస్ట్ అన్న మాట మిగిలింది. మొన్న ఆడిటరు రిపోర్టులో ఎర్ర అక్షరాలు చూసి మీకు ఈ మాట మీద మోజు పుట్టిందని నాకు తెలుసు. ఆ ఎర్ర అక్షరాల కథ ఇది. 2024 జూలై 1న, దూరం నుంచి సర్వరులోకి లాగిన్ అవడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో పెద్ద లోపం ఒకటి బయటపడింది, రెగ్రెషన్ అని పేరు పెట్టారు. సరిచేసిన అసలు వెర్షన్ 9.8. ఆడిటరు గారి దగ్గర లోపాలు వెతికే స్కానరు మన ఇంకో యంత్రంలో బుక్‌వార్మ్ మీద 9.2 చూసింది, పాతది, ప్రమాదం అని రాసింది. కానీ డెబియన్ వాళ్లు స్టేబుల్‌లో వెర్షన్ మార్చరని పైన చెప్పాను కదా. 9.2నే ఉంచి, లోపానికి మందు మాత్రం వెనక్కి తెచ్చి అందులోనే వేశారు. ప్యాకేజీ పూర్తి పేరు చివర డెబ్12యు3 అని ఉంటుంది. ఆ తోక మన యంత్రంలో ఉంది. స్కానరుకి తోక చదవడం రాదు. నేను తెర మీద చూపిస్తే ఆడిటరు గారు "అలాగా, అయినా రిపోర్టులో ఇలాగే వస్తుంది" అన్నారు. ఆయన సంకటం ఆయనది. దానికోసం మనం శాఖ మారిస్తే ఎలా?

పైగా అదే ఏడాది మార్చి 29న అందరికంటే ముందున్నవాళ్లకే దెబ్బ తగిలింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న కుదింపు సాఫ్ట్‌వేరు 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగ తలుపు పెట్టారు. రెండేళ్లకు పైగా నమ్మకంగా సేవ చేసి, నిర్వాహకుడి స్థానం సంపాదించి మరీ పెట్టారు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేసు డెవలపరు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తీగ లాగాడు, డొంకంతా కదిలింది. ఆ వెర్షన్లు అప్పటికి డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్‌లోకి వచ్చేశాయి. స్టేబుల్‌లో ఉన్నది పాత 5.4. మన కుర్రాడు ఆ వార్త చదివి పరుగెత్తుకొచ్చి సర్వర్లన్నీ చూశాడు. చూశాక టీ తాగి ఇంటికెళ్లాడు. మెచ్చుకోవాల్సిందే, వాడిప్పుడు వై కొట్టే ముందు చదువుతున్నాడు.

ఇదంతా చదివి మీలో ఒకరిద్దరు, "అయితే అసలు ముట్టుకోకుండా ఉంటే సరి" అంటారని తెలుసు. ఆ రోగమూ చూశాను. కాశీనగర్ దగ్గర ఒక మిల్లులో సర్వరుని రెండేళ్లకు పైగా రీబూట్ చేయలేదని గొప్పగా చెప్పుకునేవారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి, కరెంటు రోజుల తరబడి లేదు. వచ్చాక యంత్రం లేవలేదు. ఎప్పుడో పీకేసిన డిస్కు పేరు ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో, అంటే లేచేటప్పుడు ఎక్కించాల్సిన డిస్కుల జాబితాలో, అలాగే ఉంది. దానికోసం వెతికి వెతికి ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంది. ఆ ఊరికి దారి తెరుచుకుని నేను వెళ్లేదాకా ధాన్యం లెక్కలు నోటుపుస్తకంలో రాశారు. రెండేళ్లలో ఒక్కసారి రీబూట్ చేసి ఉంటే, ఎండ కాసే రోజున, దారులు బాగున్న రోజున తెలిసేది. మూణ్ణెల్లకోసారి రీబూట్ చేయిస్తానంటే ఇకమీదట అడ్డు చెప్పకండి, చాలు.

గడువుల సంగతి. శాఖ ఎంచుకోవడం అంటే గడువు ఎంచుకోవడమే, దాన్ని మీ అజెండాలో ఎక్కడా రాయలేదు. పాత సర్వరు ఇంకా బుల్స్‌ఐ మీదే ఉంది, 2023లో నేను వెనక్కి తెచ్చిందే. దానికి ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) బృందం మాట్లు వేసేది 2026 ఆగస్టు 31 దాకా. బుక్‌వార్మ్‌కి మామూలు భద్రతా మద్దతు 2026 జూన్ 10 దాకా, ఎల్‌టీఎస్ 2028 జూన్ 30 దాకా. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13, అంటే ట్రిక్సీకి 2028 ఆగస్టు 9 దాకా, ఆ పైన ఎల్‌టీఎస్ 2030 జూన్ 30 దాకా. ఫ్రీబీఎస్‌డీ 14 శాఖకి 2028 నవంబరు 30 దాకా. అక్కడ ఒక మెలిక ఉంది. శాఖకి అన్నేళ్లు గానీ, 14.2 లాంటి ఒక్కో విడుదలకి తరవాతిది వచ్చిన మూణ్ణెల్లకే మద్దతు ఆగిపోతుంది. వేసేసి పడుకోవడం కుదరదు, కొద్ది నెలలకోసారి పక్క మెట్టు ఎక్కుతూ ఉండాలి. జెడ్‌ఎఫ్‌ఎస్ ఉంది కాబట్టి ఎక్కే ముందు బూట్ ఎన్విరాన్‌మెంట్, అంటే అప్పటి వ్యవస్థ నకలు, ఒకటి తీసి పెట్టుకుంటాం. చెడితే బీఈసీటీఎల్ కమాండుతో పాత దాన్నే ఎంచుకుని రీబూట్ కొడితే నిన్నటి యంత్రం వచ్చి కూర్చుంటుంది. బ్యాకప్ సర్వరుకి ఫ్రీబీఎస్‌డీ అన్నప్పుడు నేను తలూపిన కారణం ఇదొక్కటే.

గడువు ఇచ్చిన మాట కూడా ఎవరిచ్చారన్నది చూడాలి. రెడ్ హ్యాట్ కంపెనీ లైనక్స్‌కి ఉచిత రూపమైన సెంట్‌ఓఎస్ 8కి 2029 దాకా మద్దతు అన్నారు. 2020 డిసెంబరు 8న మాట మార్చి, 2021 డిసెంబరు 31తో సరి అన్నారు. దాని బదులు చూపించిన సెంట్‌ఓఎస్ స్ట్రీమ్, రెడ్ హ్యాట్‌లో రాబోయే మార్పులు ముందుగా పారే కాలవ. సెంట్‌ఓఎస్ 7 కూడా 2024 జూన్ 30తో అయిపోయింది. ఈ మూడు జిల్లాల్లో అది ఇంకా నడుస్తున్న గదులు నాలుగైదు నాకే తెలుసు. ఆ గదుల యజమానులు ఇది చదువుతుంటే, అల్మాలైనక్స్, రాకీ లైనక్స్ అని దాని స్థానంలో పుట్టినవి ఉన్నాయి. వెళ్లిపోండి. స్ట్రీమ్ అన్న పేరు విని అటు పోకండి.

ఇప్పుడు నేనడిగేది. మూడో అంశం కొట్టేసి ఇలా రాయండి. ఖాతాల కొత్త సర్వరు మీద డెబియన్ 13 'ట్రిక్సీ' అని పేరుతో సహా, గడువు తేదీతో సహా. బ్యాకప్ సర్వరు మీద ఫ్రీబీఎస్‌డీ 14 రిలీజ్, ప్యాకేజీలు క్వార్టర్లీ. పాత సర్వరు జోలికి పోకుండా పక్కన కొత్తది నిలబెడదాం, ఎందుకంటే డెబియన్‌లో 11 నుంచి 13కి ఒక్క గంతు వేయకూడదు, 12 మెట్టు తొక్కే పోవాలి, మనకి ఆ యాత్ర అనవసరం. డేటా మాత్రం తరలిద్దాం. లోను ప్రోగ్రాములోని పాత పోలికలన్నీ దిద్దించడానికి డబ్బు మంజూరు చేయండి, ట్రిక్సీలో పీహెచ్‌పీ 8.4 వస్తుంది, తప్పించుకునే దారి లేదు. రెండు నెలాఖర్లు రెండు సర్వర్లూ పక్కపక్కన నడిపి, రెండు బాకీ జాబితాలూ పేరు పేరునా సరిపోయాకే కౌంటరు మార్చుదాం. ఎస్సెమ్మెస్ క్రాన్ అందరికంటే ఆఖరున. పండగ ముందు రోజు ఏ పనీ చేయకూడదని కూడా రాయండి, రజ అయినా సంక్రాంతి అయినా రథయాత్ర అయినా. మినిట్స్ ఒడియాలో రాసేటప్పుడు 'స్టేబుల్' అన్న మాటని స్థిర అని తర్జుమా చేయకండి. దాన్ని అసలు రాయకండి. ట్రిక్సీ అని రాయండి చాలు.

ఆదివారం వస్తూ రెండు ప్రింట్లు తెస్తాను. ఒకటి పాత సర్వరు తీసిన బాకీ జాబితా, రెండోది మా ఇంట్లో ట్రయల్ యంత్రం మీద ట్రిక్సీ తీసిన జాబితా. నిన్న రాత్రికి రెండింటికీ తేడా పదిహేడు పేర్లు. వాటిలో పదకొండు ఖాళీ గడి తగాదాలే, దొరికాయి. మిగిలిన ఆరింటిలో పాత సర్వరు వదిలేస్తున్న నిజమైన బాకీలు ఉన్నట్టు అనుమానంగా ఉంది, ఇంకా చూస్తున్నాను. ఆ ఆరులో కోశాధికారి గారి పేరు ఒకటుంది. ఆయన ఒకసారి రసీదులు వెతికి పెట్టుకుని మీటింగుకి వస్తే పని తేలికవుతుంది.

ఇట్లు,
మీ సర్వర్లు చూసే కాంట్రాక్టు మనిషి,
పర్లాకిమిడి